భాగస్వామిని గుర్తించడం పరిశోధనలో మొదటి పని

పరిశోధనా నిధులకై సమర్పించే ప్రతిపాదన పత్రంలో భాగస్వామ్య సంస్థల వివరాలకు ఒక గడి ఉంటుంది. సంస్థ పేరు, చిరునామా, అధిపతి సంతకం, సమ్మతి లేఖ మాత్రమే అందులో అడుగుతారు. చిన్న విషయంగా కనిపించడం వలననే కాబోలు, దానిని అన్నిటికంటె చివర నింపడం మనకు అలవాటయింది. లక్ష్యాలు, ప్రయోగ విన్యాసం, బడ్జెట్ సిద్ధమైన తరువాత, గడువుకు రెండు మూడు రోజుల ముందు, సమీపంలోని కృషి విజ్ఞాన కేంద్రం నుండో, పరిచయమున్న స్వచ్ఛంద సంస్థ నుండో, రైతు ఉత్పత్తిదారుల సంస్థ నుండో లేఖ తెప్పించుకుంటాము. ఈ క్రమం తలకిందులుగా ఉన్నదనీ, భాగస్వామిని గుర్తించిన తరువాతనే పరిశోధన ప్రశ్న తుదిరూపు దిద్దుకోవాలనీ నా అభిప్రాయం.

భాగస్వామి ఉండాలన్న నిబంధన అనవసరమైన భారమని కొందరు అంటారు. నేను అంగీకరించను. ఆ నిబంధన ఫలమేమిటో మన ప్రాంతంలోనే చూడవచ్చు. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999లో మొదలైన ఆదర్శ వాటర్‌షెడ్‌లో ఇక్రిశాట్, కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ, కరువు పీడిత ప్రాంతాల పథకం అధికారులు, ఎం.వి. ఫౌండేషన్, గ్రామ వాటర్‌షెడ్ కమిటీ కలిసి పనిచేశారు. ఉపగ్రహ చిత్రాల పరిజ్ఞానం ఒకరిది, పంటల పరిజ్ఞానం మరొకరిది, గ్రామస్థులను కూడగట్టే అనుభవం ఇంకొకరిది. ఏ ఒక్కరు తప్పుకున్నా ఆ పని కుంటుపడేది. తరువాతి వాటర్‌షెడ్ కార్యక్రమాలకు అది నమూనా అయింది. ప్రపంచ బ్యాంకు సహాయంతో 2006 నుండి 2014 వరకు సాగిన జాతీయ వ్యవసాయ నవకల్పన ప్రాజెక్టు కూడా పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రైవేటు సంస్థలు కలిసిన కన్సార్షియాలకే నిధులిచ్చింది. కనుక నిబంధనలో దోషం లేదు. దానిని మనం తీర్చే తీరులోనే ఉన్నది.

ఆలస్యంగా తెచ్చుకున్న లేఖ వలన మొదట నష్టపోయేది భాగస్వామియే. ఒక కృషి విజ్ఞాన కేంద్రానికి మంజూరయ్యే సిబ్బంది 16 మంది. వారిలో విషయ నిపుణులు ఆరుగురు. క్షేత్ర పరీక్షలు, ప్రథమ శ్రేణి ప్రదర్శనలు, శిక్షణలు వారికి ఇప్పటికే ఉన్నాయి. బడ్జెట్‌లో ఒక్క రూపాయి చూపకుండా 200 మంది రైతుల సర్వేను వారి పేర రాస్తే, ఆ సర్వే జరగదు. జరిగినా మొక్కుబడిగా జరుగుతుంది. ఆ గణాంకాలపైన నిలిచిన సిద్ధాంత వ్యాసం, సిఫారసు కూడా అంతే బలహీనమవుతాయి. చివరకు తప్పుడు సిఫారసు భారం రైతు మీద పడుతుంది.

రెండవది లెక్కల చిక్కు. ప్రభుత్వ నిధులు కోరే స్వచ్ఛంద సంస్థకు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు సంఖ్య ఉండాలి. ఖర్చుకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో వచ్చిన సవరణ తరువాత, ఒక సంస్థ తాను పొందిన విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు బదలాయించడం నిషిద్ధం. నిధులు మంజూరైన పిమ్మట ఈ సంగతి తెలిస్తే, క్షేత్ర భాగస్వామికి డబ్బు చేర్చే దారే ఉండదు. 2020లో ప్రకటించిన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం కింద ఏర్పడినవాటిలో చాలావాటి వయస్సు తక్కువ. నిధులిచ్చేవారు గత సంవత్సరాల ఆడిట్ నివేదికలు అడిగితే అవి ఎక్కడి నుండి తెస్తాయి? ఇవన్నీ ముందుగా అడిగి తెలుసుకోవలసిన విషయాలు.

మూడవది హక్కుల ప్రశ్న. దేశవాళీ విత్తనాన్ని, దాని గుణగణాల ఎరుకను అందించిన రైతు సంఘాన్ని ‘సహకరించిన సంస్థ’ అని ఒక్క మాటతో సరిపెట్టడం న్యాయం కాదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001, జీవవైవిధ్య చట్టం 2002 ప్రయోజనాల పంపకాన్ని గుర్తించాయి. ఆ పంపకం ప్రతిపాదనలోనే స్పష్టం కావాలి.

ప్రకటనకు, గడువుకు నడుమ వ్యవధి చాలదన్న ఆక్షేపణ సహేతుకమే. కాని నాలుగు వారాలలో నమ్మకం పుట్టదు గనుకనే ప్రకటనకు ముందే పరిచయం ఉండాలి. ప్రతి ఏరువాక కేంద్రం, ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం తన జిల్లాలోని సంస్థల పట్టికను సిద్ధం చేసి ఏటా సవరించవచ్చు. సంస్థ ఏ గ్రామాలలో, ఏ పంటలపై పనిచేస్తున్నది, నమోదు పత్రాలు సక్రమంగా ఉన్నాయా, కౌలు రైతులు, మహిళా రైతులు అందులో సభ్యులుగా ఉన్నారా అన్న వివరాలు దానిలో ఉండాలి. పరిశోధన సంచాలకుల కార్యాలయం ఆ పట్టికలను ఒకచోట చేరిస్తే యువ శాస్త్రవేత్త పరిచయాల కోసం వెదుక్కోవలసిన పని ఉండదు.

సమ్మతి లేఖ కోరే ముందు ప్రధాన పరిశోధకుడు ప్రతిపాదన సారాంశాన్ని తెలుగులో భాగస్వామికి పంపాలి. మీరు చేసే పని ఏది, దానికి ఇచ్చే మొత్తం ఎంత, ఫలితాలలో మీ వాటా ఏమిటి అన్న మూడు విషయాలు అందులో ఉండాలి. ‘ఈ ప్రశ్న మా రైతులది కాదు’ అని వారు చెబితే ప్రశ్నను మార్చుకోవడానికి సిద్ధపడాలి. తగిన భాగస్వామి దొరకనప్పుడు, నిబంధన అనుమతిస్తే, ఒంటరిగా దరఖాస్తు చేయడమే నిజాయతీ. నిధులిచ్చే సంస్థలు కూడా మొదట సంక్షిప్త ప్రతిపాదన స్వీకరించి, ఎంపికైనవారికి భాగస్వాములతో కూర్చుని పూర్తి ప్రతిపాదన రాసుకునే వ్యవధి, దానికి కొద్దిపాటి ఖర్చు ఇవ్వాలి.

విస్తరణ విభాగంలో స్నాతకోత్తర విద్యార్థులకు ప్రతిపాదన రచన నేర్పుతున్నాము. దానితోపాటు ఒక రైతు సంస్థ సమావేశానికి వెళ్లి, వారి అవసరాలను వారి మాటల్లోనే రాసుకొని రావడాన్ని కూడా అభ్యాసంగా పెట్టాలి. ఈ విద్యా సంవత్సరం నుండే అది మొదలుకావచ్చు; అందుకు ఏ నిధుల మంజూరూ అవసరం లేదు.