రిలీవరు వచ్చేవరకు



మన వేములకు సముద్రం దూరం. కడప జిల్లాకు తీరమే లేదు. అయినా "రిలీవరు" అనే మాట మనకు కొత్త కాదు. గనిలోగాని, ఫ్యాక్టరీలోగాని షిఫ్టు డ్యూటీ చేసే ప్రతి ఇంటికీ ఆ మాట తెలుసు. తర్వాతి మనిషి వస్తేనే ముందటి మనిషి ఇంటికి వస్తాడు. అక్కడ ఆలస్యమైతే గంటో, రెండు గంటలో. ఓడ మీద ఆలస్యమైతే నెలలు. కువైట్ నుండి సెలవు మీద రావలసినవారి కోసం ఎదురుచూసిన మన జిల్లా తల్లులకు ఆ నెలల బరువు ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

మన పిల్లలు కొందరు మర్చంట్ నేవీ చదువులకు వెళుతున్నారు. ప్రభుత్వ ఓడలో ఉద్యోగమంటే తల్లిదండ్రులకు మరింత ధైర్యం. మన దేశంలో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1961 అక్టోబరు 2న ఏర్పడింది. అండమాన్ దీవుల ప్రయాణికుల ఓడలను నడుపుతూ వచ్చినదీ ఈ సంస్థే. అయితే ఓడ ఎవరిదైనా సముద్రం మీద ఒక నియమం మారదు. కనీసం ఇంతమంది సిబ్బంది ఉండాలని ప్రతి ఓడకు ఒక ధ్రువపత్రం ఉంటుంది. ఆ లెక్క తగ్గితే ఓడ రేవు దాటకూడదు. కాబట్టి రిలీవరు రాకపోతే, గడువు ముగిసినవానిని పంపాలని కెప్టెనుకు మనసున్నా పంపలేడు. రిలీవరుకు వైద్య పరీక్ష, సర్టిఫికెట్లు, వీసా, విమానం టికెట్టు, రేవు అనుమతి అన్నీ కుదరాలి. ఒక్కటి తప్పితే ఇద్దరి ప్రయాణమూ ఆగిపోతుంది.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ గొలుసు లోకమంతటా తెగిపోయింది. ఆ సంవత్సరాంతానికి గడువు దాటినా దిగలేక ఓడల మీదే ఉన్నవారు సుమారు 4 లక్షల మంది అని అంతర్జాతీయ లెక్కలు చెప్పాయి. జగ్ ఆనంద్ అనే మన దేశపు ప్రైవేటు ఓడ ఆస్ట్రేలియా బొగ్గుతో 2020 జూన్ నుండి చైనా తీరాన లంగరు వేసి నిలిచిపోయింది. సరుకు దించనివ్వలేదు, మనుషులను మారనివ్వలేదు. అందులోని 23 మంది భారతీయులు జపాను మీదుగా 2021 జనవరి 14న స్వదేశం చేరారు. అనస్తాసియా అనే మరో ఓడలో 16 మంది మనవారు అదే కష్టం పడ్డారు.

ప్రభుత్వ ఓడలకు ఈ కష్టం లేదనుకోవద్దు. అమెరికా నౌకాదళానికి సరుకులు, ఇంధనం చేరవేసే మిలిటరీ సీలిఫ్ట్ కమాండ్ ఓడలలో పనిచేసే నావికులు చాలామంది సైనికులు కారు, ప్రభుత్వ ఉద్యోగులు. నాలుగు నెలలు పనిచేస్తే సెలవు రావాలి. కానీ రిలీవరు సమయానికి రాడు. విసిగినవారు ఉద్యోగం మానుకుంటారు. మానినకొద్దీ మిగిలినవారికి సెలవు ఇంకా ఆలస్యమవుతుంది. చివరకు 2024లో, సిబ్బంది చాలక 17 ఓడలను పక్కన పెట్టే పరిస్థితి వచ్చింది. మనిషికి విశ్రాంతి ఇవ్వకపోతే ఓడే విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది గదా!

చట్టం లేదా అంటే, ఉంది. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం 12 నెలలు నిండకముందే నావికునికి ఇంటికి వెళ్ళే హక్కు వస్తుంది. ఆ ఖర్చు యజమానిదే. వ్యాపారం చేసే ఓడ ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా ఇది వర్తిస్తుంది. యుద్ధ ఓడలకు, వాటికి తోడుగా నడిచే నౌకాదళ సహాయక ఓడలకు మాత్రం వర్తించదు. అందుచేత "ప్రభుత్వ ఓడ" అన్న మాటతోనే తృప్తిపడక, అది ఏ రకమైన ఓడో అడిగి తెలుసుకోండి.

సొలొమోను ఆలయం కట్టించిన దినములలో ముప్పదివేల మందిని లెబానోనుకు పంపినట్లు రాజుల మొదటి గ్రంథం ఐదవ అధ్యాయంలో చదువుతాము. నెలకు పదివేల మంది చొప్పున వంతులు. ఒక నెల అడవిలో, రెండు నెలలు ఇంటిలో. అది వెట్టిపనే, మెచ్చుకోదగినది కాదు. అయినా ఆ వెట్టి లెక్కలో సహితం ఇంటికి చోటు పెట్టారు. నేటి జీతపు ఉద్యోగంలో ఆ చోటు లేకపోతే ఎట్లా?

ఓడ ఎక్కే బిడ్డలున్న తల్లిదండ్రులారా, ఒప్పందపత్రం నకలు ఇంట్లో ఉంచుకోండి. ఎన్ని నెలలో, కంపెనీ ఎన్నాళ్ళు పొడిగించవచ్చో చదివించుకోండి. పంపే ఏజెంటుకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉందో లేదో చూడండి. గడువు దాటితే బిడ్డ కెప్టెనుకు, కంపెనీకి కాగితం మీద వ్రాయాలి. అప్పటికీ కదలకపోతే అదే డైరెక్టరేటుకు, యూనియనుకు ఫిర్యాదు చేయవచ్చు. నోటిమాట సముద్రం మీద నిలవదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. సెలవు మీద ఇంటికి వచ్చిన కుమారుని, "పండుగ అయ్యాక పోదువులే నాయనా, ఒంట్లో బాగలేదని చెప్పు" అని ఆపే ఇళ్ళున్నాయి. తల్లి మనసు అది, తప్పుపట్టలేము. కానీ మన వాకిట్లో పెరిగిన ఆ పది దినములు, ఎవరో మరొక తల్లి వాకిట్లో తరుగుతాయి. ఆమె బిడ్డ సంచి సర్దుకొని, దూరపు రేవులో మన బిడ్డ కోసమే చూస్తూ ఉంటాడు. మన వంతు వచ్చినప్పుడు వెళ్దాము, వెళ్ళనిద్దాము.