గీత పోవాలి... గుర్తు ఉండాలి!

ఇల్లు ఖాళీ చేయడానికి ఇంకా వారం ఉంది. 'గోడలూ తలుపులూ ఎలా ఇచ్చామో అలాగే అప్పగించండమ్మా, అడ్వాన్సు లెక్క ఆ తర్వాతే' అని ఓనరుగారు ముందే చెప్పేశారు. అట్టపెట్టెల మీద 'వంటగది', 'పుస్తకాలు' అని రాయడానికి నల్ల పర్మినెంట్ మార్కర్ తెచ్చాం. ఫోన్ మోగితే బాల్కనీలోకి వెళ్లానంతే. తిరిగొచ్చేసరికి మా నాలుగేళ్ల పిడుగు పని కానిచ్చేసింది! ఫ్రిజ్ తలుపు మీద సూర్యుడు, సన్‌మైకా అల్మరా మీద రైలు, హాల్లో గోడకి ఏనుగు, అత్తయ్య టేకు కుర్చీ చేతి మీద నాలుగు అడ్డగీతలు. వేసుకున్న గౌను సంగతి సరేసరి.

తడిగుడ్డ పట్టుకుని పరుగెత్తా. చెరిగితేనా! సబ్బూ పనిచేయలేదు. చేయదు కూడా. ఈ సిరాలో రంగుతో పాటు జిగురులాంటి రెజిన్ ఉంటుంది. దాన్ని కరిగించి ఉంచేది ఎక్కువగా ఆల్కహాల్ జాతి ద్రవమే. రాయగానే ఆ ద్రవం ఆవిరైపోతుంది, జిగురు రంగుని పట్టుకుని అంటుకుపోతుంది. నీళ్లకి లొంగదు. ముల్లుని ముల్లుతోనే తీయాలన్నట్టు, మళ్లీ ఆల్కహాలే కావాలి. అంటే మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్. కరోనా రోజుల్లో కొన్న శానిటైజర్ సీసా అడుగున మిగిలున్నా సరే.

దూదిని స్పిరిట్‌లో తడిపి ఫ్రిజ్ మీద అద్దానో లేదో, సూర్యుడు అస్తమించాడు. సన్‌మైకా కూడా అంతే. కాకపోతే ముందు అల్మరా లోపలివైపు ఓ మూల రుద్ది, మెరుపు తగ్గడం లేదని చూసుకున్నా. మీరూ ఆ ఒక్కటీ మానకండి. టైల్స్, గాజు, స్టీలు గిన్నెలకు భయం లేదు. స్పిరిట్ లేకపోతే ఇంకో కిటుకు ఉంది. వైట్‌బోర్డు మార్కర్‌తో పాత గీత మీదే మళ్లీ గీసి, తడి ఆరకముందే తుడిచేయండి. దాని ద్రవంలో పాతదీ కరిగి వచ్చేస్తుంది. నెయిల్‌పాలిష్ రిమూవర్ జోలికి మాత్రం వెళ్లకండి. అసిటోన్ ఉన్నదైతే ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. టీవీ తెర మీద స్పిరిట్ కూడా వద్దు, దాని పైపూత పాడవుతుంది. అదృష్టం, మాది దాని జోలికి పోలేదు.

అదే ఊపులో కుర్చీ మీద పడబోయా. 'ఆగవే! అది స్పిరిట్ పాలిష్' అని అత్తయ్య చెయ్యి పట్టుకున్నారు. నిజమే. లక్కని స్పిరిట్‌లో కరిగించి పూసేదే ఆ పాలిష్. మళ్లీ స్పిరిట్ తగిలితే మరకతో పాటు మెరుపూ లేచొస్తుంది. తెల్ల టూత్‌పేస్టు కొంచెం గుడ్డకి తీసుకుని, చెక్క గీతల వెంటే మెల్లగా రుద్దాం. ముప్పావు పోయింది. మిగిలింది పాలిష్ చేసే అతనికే వదిలేశాం.

ఏనుగు మాత్రం ఏడిపించింది. ఎమల్షన్ గోడ మీద దూది అద్దితే పలచబడింది కానీ చుట్టూ బూడిదరంగు పాకింది. రుద్దేకొద్దీ పెయింటూ ఊడుతుంది. డిస్టెంపర్ గోడయితే అసలు ముట్టుకోకపోవడమే మేలు. పోనీ రంగు వేసేద్దామా అంటే, నేరుగా వేస్తే ఈ సిరా పైకి తేలుతుంది. ముందు మరకని మూసే ప్రైమర్ ఓ చేయి వేయాలి. వాటిలో లక్కతో చేసినవీ ఉంటాయి. కుర్చీ దగ్గర స్పిరిట్‌కి కరిగే లక్కే ఇక్కడ సిరాని బంధిస్తుందన్నమాట! పెయింటర్ వచ్చి ఆ ఒక్క గోడా కానిచ్చాడు.

గౌనుకి అడుగున పాత గుడ్డ మడిచి పెట్టి, పై నుంచి స్పిరిట్ దూదితో అద్దా. రుద్దితే మరక వెడల్పవుతుంది. అడుగు గుడ్డ మార్చుకుంటూ పోతే సిరా అందులోకి దిగుతుంది. అన్నట్టు, ఈ పనంతా కిటికీలు తెరిచి, పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా చేయాలి. స్పిరిట్ భగ్గుమంటుంది. బ్లీచింగ్‌తో కలిపారా, విషవాయువులు పుడతాయి.

అన్నీ అయ్యాయనుకుంటే, పడగ్గది గుమ్మం మిగిలింది. అది మా పిడుగు పని కాదు, మా వారిది! దానికి ఏడాది నిండినప్పటి నుంచీ ప్రతి పుట్టినరోజుకీ నిలబెట్టి, పర్మినెంట్ మార్కర్‌తోనే ఎత్తు గుర్తు పెట్టి తేదీ వేశారు. నాలుగు గీతలు. ఓనరుగారి లెక్కలో అవీ మరకలే. గుమ్మానికి వేసింది ఎనామిల్ పెయింటు, నాలుగు అద్దులకి పోతాయి. చేతిలో దూది తడిగా ఉంది, చెయ్యి కదలలేదు.

అత్తయ్య లోపలికెళ్లి పాత చీర అంచు పొడుగ్గా చింపి తెచ్చారు. దాన్ని గుమ్మానికి టేపుతో అంటించి, గీతకి గీత, తేదీకి తేదీ దాని మీదకి ఎక్కించాం. తర్వాతే తుడిచా. అంచు మడతపెట్టి 'పుస్తకాలు' పెట్టెలో దాచాను. మార్కర్ మాత్రం బీరువా మీదకి చేరింది.