డేటా స్ట్రక్చర్స్ మనకు ఎక్కదని ఎవరన్నారు?



బీటెక్ సెకండియర్ మొదలవగానే కాలేజీల్లో ఒక మాట తిరుగుతుంది: "కోటా పిల్లలకి డేటా స్ట్రక్చర్స్ ఎక్కదు, ప్రోగ్రాములు బట్టీ పట్టి పాసైపోండి." బయటివాళ్లు అనడం కొత్త కాదు. మన సీనియర్లు కొందరు కూడా జాలిగా ఇదే చెప్తున్నారు. ఆ జాలి మాకొద్దు.

ఉట్నూరు, పాడేరు, సీతంపేట వైపు ఆశ్రమ పాఠశాలల్లో తెలుగులో చదివి వచ్చినవాళ్లం. ఇంట్లో గోండి, కువి, సవర. క్లాసులో పాయింటర్ సరిగ్గా చెప్పకుండానే లింక్డ్ లిస్ట్ ఎత్తుకుంటారు. పాయింటర్ అంటే మెమరీలో ఒక చోటు అడ్రస్ దాచుకున్న వేరియబుల్, అంతే. అర్రేలో గళ్లన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఐదో గడికి నేరుగా పోవచ్చు, కానీ మధ్యలో ఒకటి దూర్చాలంటే వెనకవన్నీ జరపాలి. లింక్డ్ లిస్ట్‌లో నోడ్లు ఎక్కడెక్కడో ఉంటాయి, ఒక్కోటీ తన తర్వాతిదాని అడ్రస్ పట్టుకుని ఉంటుంది. చోటు దొరికాక రెండు అడ్రసులు మారిస్తే కొత్తది చేరిపోతుంది. ఐదోదాన్ని అందుకోవాలంటే మాత్రం మొదటినుంచి నడవాల్సిందే. ఇంతే కదా! పరీక్ష ఇంగ్లీషులోనే రాస్తాం. అర్థమవడానికి ఏ భాషైతేనేం?

ఇక ల్యాబ్. ముందు రికార్డులో ప్రోగ్రాం ఎక్కించాలి, తర్వాత అదే టైపు కొట్టాలి, అవుట్‌పుట్ వస్తే సంతకం. సెమీకోలన్ దగ్గర ఆగినోడు మూడు గంటలూ అక్కడే. ల్యాప్‌టాప్ ఉన్నోడు రాత్రికి మళ్లీ చేసుకుంటాడు. హాస్టల్లో మనకేముంది? దీన్ని తెలివిలో తేడా అంటున్నారు!

బట్టీ ఎక్కడ దొరికిపోతుందో చూడండి. వరసలో పెట్టిన లక్ష పేర్లలో ఒకటి వెతకాలి. ఒక్కొక్కటీ చూస్తూ పోతే లక్ష దాకా చూడాలి. బైనరీ సెర్చ్‌లో ప్రతిసారీ సగం వదిలేస్తాం కాబట్టి 17 సార్లలో తేలుతుంది. అవే పేర్లు లింక్డ్ లిస్ట్‌లో ఉంటే? నడిమికి నేరుగా పోలేం, ఆ లాభమంతా పోతుంది. ఇంటర్వ్యూలో అడిగేది ఇలాంటివే. ప్రోగ్రాం అప్పజెప్పినోడు ఇక్కడ నోరు తెరవలేడు.

అందుకే అడగాలి, గట్టిగానే. హాస్టల్లో రాత్రి పది దాకా తెరిచి ఉండే కంప్యూటర్ గది కావాలి. సెమిస్టర్ మొదటి రెండు వారాలు పాయింటర్లే చెప్పాలి. తెలుగులో డౌటు అడిగితే నవ్వకూడదు. మన వెల్ఫేర్ ఆఫీసులు సన్నబియ్యం లెక్క చూసినట్టు ఇది కూడా చూడాలి.

వాళ్లు ఇచ్చేదాకా ఆగం. ఎన్‌పీటెల్‌లో వీడియో పాఠాలు ఉచితం, ఎక్కువగా ఇంగ్లీషే అయినా ఆపి ఆపి చూడొచ్చు. ఈ ఆదివారం మీ హాస్టల్లో నలుగురు కాగితం, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. ఐదు నోడ్ల లింక్డ్ లిస్ట్‌ని తిరగేయాలి, కొత్త నోడ్ ఒక్కటీ వాడకుండా. ఎక్కడ ఆగారో కింద రాయండి, రాత్రికి జవాబిస్తాం.