నంబరు కోసం ఆగిన కారు

షోరూమ్ గుమ్మంలో కొబ్బరికాయ పగిలింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. ఇన్సూరెన్స్ డబ్బు ఆన్‌రోడ్ ధరలోనే కట్టేశారు. ఇక నంబరంటారా, అంకెలు కూడితే తొమ్మిది రావాలి, లేదంటే వేలంలో 9999 దొరకాలి. అందాకా టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) మీదే తిరుగుడు. గడువు దాటితే మహా అయితే జరిమానా వేస్తారు, ప్రీమియం కట్టాక బీమా ఎక్కడికి పోతుందన్నది కొత్త కారు కొన్న ఇళ్లలో ధీమా.

ఆ ధీమా ఖరీదెంతో రాజస్థాన్‌లో ఒకాయనకు తెలిసొచ్చింది. 2011లో ఆయన కొత్త బొలేరో కొని 6,17,800 రూపాయలకు బీమా చేయించారు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ జూలై 19తో ముగిసింది. 28న జోధ్‌పూర్ వెళ్లి, రాత్రి గెస్ట్‌హౌస్ బయట బండి నిలిపారు. తెల్లారేసరికి బండి లేదు. పాలసీ మాత్రం నిక్షేపంగా ఉంది! అయినా కంపెనీ పైసా ఇవ్వనంది. జాతీయ వినియోగదారుల కమిషన్ ఆయన పక్షానే నిలిచింది కానీ, 2021 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

ఆగి ఉన్న బండిని దొంగ ఎత్తుకుపోతే నంబరు ప్లేటుకేం సంబంధమని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ బండి జోధ్‌పూర్‌కు ఎగిరి వెళ్లలేదు, రోడ్డు మీదే వెళ్లింది. రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపకూడదని మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. దాన్ని మీరి రోడ్డెక్కడం పాలసీ షరతుల మౌలిక ఉల్లంఘనేనని కోర్టు తేల్చింది. రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేశానని గానీ, దాని కోసం ఎదురుచూస్తున్నానని గానీ యజమాని ఎక్కడా చెప్పలేదని కూడా గుర్తుచేసింది.

ఇది ఒంటరి తీర్పు కాదు. 2014లో తేలిన కేసులో ఒక పికప్ వ్యాను తాత్కాలిక రిజిస్ట్రేషన్ 2006 జనవరి 11తో ముగిస్తే, ఫిబ్రవరి 2న ప్రమాదం జరిగింది. ఇరవై రెండు రోజుల తేడా. అక్కడా గడువు పొడిగించమని అడిగిన దాఖలా లేదు. అక్కడా క్లెయిము పోయింది.

డీలరే చూసుకుంటాడన్నది ఇంకో ఊరట. డీలర్లు ఆలస్యం చేసే మాట నిజమే, వాళ్లను తిట్టుకోవడంలో తప్పూ లేదు. అయితే టీఆర్ మీద ఉండేది కొన్నవాడి పేరు. ఆలస్యం ఎవరిదైనా, గడువులోపే దరఖాస్తు పడిందని చూపే కాగితం కొన్నవాడి చేతిలో ఉండాలి. ఫ్యాన్సీ నంబరు కోసం ఆగినవాడి దగ్గర ఆ కాగితమే ఉండదు.

వీటికి తోడు ‘మూడేళ్ల ఇన్సూరెన్స్’ అనే మాటొకటి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్లు తప్పనిసరి అయింది థర్డ్ పార్టీ బీమా మాత్రమే. సొంత బండికి జరిగే నష్టానికి ఇచ్చే కవరు, 2020 ఆగస్టులో దీర్ఘకాల ప్యాకేజీలు ఆపేశాక, మామూలుగా ఏడాదికే వస్తోంది. అది రెన్యూ చేయించకుండా రెండో ఏడు ఎవరి ప్రహరీనో గుద్దితే గోడకు డబ్బు వస్తుంది, బంపరుకు రాదు.