క్రిస్మసు కథలు ఏల చెప్పుకొందుము?

డిసెంబరు మాసము ప్రవేశించినంతనే మన ఊరి క్రైస్తవ సోదరుల యిండ్ల ముంగిట కాగితపు నక్షత్రములు వెలుగుచుండును. ఆ నక్షత్రము వెనుక ఒక కథ యున్నది. దాని ముగింపు ఆ యింట అందరికిని తెలిసినదే. అయినను ప్రతి సంవత్సరము పెద్దలు మరల చెప్పుదురు, పిల్లలు మరల విందురు. తెలిసిన కథను మరల మరల చెప్పుకొనుటలో మానవునికి ఇంత ప్రీతి యేల? ఇది క్రైస్తవులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. పరభాషా రాష్ట్రమున నివసించుచు మాతృభాషను నిలుపుకొనగోరు మనమందరమును ఆలోచింపదగిన ప్రశ్న.

మొదట ఆ కథ యెక్కడిదో చూతము. నాలుగు సువార్తలలో క్రీస్తు జననవృత్తాంతమును చెప్పునవి మత్తయి, లూకా సువార్తలు రెండే. నజరేతునుండి బెత్లెహేమునకు వచ్చిన దంపతులకు సత్రములో చోటు దొరకకపోవుట, శిశువును పశువుల తొట్టిలో పరుండబెట్టుట లూకా చెప్పినవి. తూర్పునుండి జ్ఞానులు నక్షత్రమును చూచి వచ్చుట, హేరోదు రాజు ఆగ్రహము, ఆ కుటుంబము ఐగుప్తునకు పారిపోవుట మత్తయి చెప్పినవి. లూకా కథలో గమనింపదగిన విశేషమొకటి కలదు. రాత్రివేళ పొలములో మందను కాచుకొనుచుండిన గొఱ్ఱెల కాపరులు వార్త విని, వచ్చి శిశువును చూచి, తాము విన్నదానిని ఇతరులకు చెప్పిరి. విన్నవారందరు ఆశ్చర్యపడిరి. అనగా కథ చెప్పుట ఈ కథలోనే ఒక భాగము. దానిని మొట్టమొదట నలుగురికి చాటినవారు పండితులు కారు, అధికారులు కారు, చలిలో మేలుకొనియున్న పేద కాపరులు.

నోటినుండి నోటికి సాగిన కథ పెరుగక మానదు. జ్ఞానులు ఎందరో మత్తయి చెప్పలేదు. బంగారము, సాంబ్రాణి, బోళము అని కానుకలు మూడు గనుక ఇచ్చినవారును ముగ్గురై యుందురని జనులు తలచిరి. పిదప వారిని రాజులను గావించిరి. తొట్టిప్రక్కన నిలుచు ఎద్దును గాడిదయు జననవృత్తాంతమున ఎచ్చటను లేవు. ఇటలీలోని గ్రేచో గ్రామమున 1223వ సంవత్సరపు క్రిస్మసునాడు అస్సీసీ ఫ్రాన్సిసు నిజమైన తొట్టిలో గడ్డి పరపించి, ఎద్దును గాడిదను తెప్పించి, గ్రామస్థుల కన్నులయెదుట ఆ దృశ్యమును నిలిపెను. మూలమున లేనిది చేర్చుట తప్పని కొందరు ఆక్షేపింతురు. మూలమేదియో, చేర్పు ఏదియో తెలిసియుండుట అవసరమే. కాని ప్రజలు తమ కొట్టములోని ఎద్దును తీసికొనివచ్చి కథలో నిలిపినప్పుడు కథ చెడిపోయినదనరాదు. అది వారి స్వంతమైనదని చెప్పవలెను.

కథకున్న బలమునకు మరియొక నిదర్శనము కలదు. 1843లో ఇంగ్లండులో గనులలోను కర్మాగారములలోను పనిచేయు బాలబాలికల దుఃస్థితిని గూర్చిన ప్రభుత్వ నివేదికను చదివి చార్లెస్ డికెన్సు కలతచెందెను. పేదల బిడ్డల పక్షమున ఒక కరపత్రము వ్రాయదలచి, తుదకు ఆ తలంపు మాని, కథ వ్రాసెను. అదియే ‘క్రిస్మసు కారల్’. డిసెంబరు 19వ తేదీన వెలువడిన ఆ పుస్తకము ఆరువేల ప్రతులును పండుగకు ముందే చెల్లిపోయెను. లోభియైన స్క్రూజునకు ఆత్మలు అతని గతమును, వర్తమానమును, భవిష్యత్తును చూపును. తన గుమాస్తా యింటిలోని కుంటి బాలుని చూచి అతని హృదయము కరగును. 1853 డిసెంబరులో బర్మింగ్‌హామ్ నగరమున డికెన్సు ఈ కథను సభలో స్వయముగా చదివి వినిపించెను. కార్మికులును వచ్చి వినగలుగునట్లు వారికొరకు ఒకనాడు ప్రవేశరుసుము తగ్గింపబడెను. నేడు ఆ నివేదికను చరిత్రకారులు తప్ప చదువువారరుదు. ఆ కథను మాత్రము లోకమంతయు చెప్పుకొనుచున్నది.

రూబెన్ సాయాన్సు అను ఫ్రెంచి బోధకుడు వ్రాసిన యొక కథను టాల్‌స్టాయి 1885లో రష్యను భాషలోనికి మలచెను. నేలమాళిగలో నివసించు చెప్పులుకుట్టు ముసలివాడు ప్రభువు వచ్చునని కిటికీనుండి ఎదురుచూచును. చలికి వణకు వృద్ధునికి తేనీరిచ్చును, బిడ్డనెత్తుకొన్న పేదరాలికి అన్నము పెట్టి వస్త్రమిచ్చును, కలహించుచున్న ముసలిదానికిని బాలునికిని సఖ్యము కుదుర్చును. ఆ వచ్చినవారి రూపమున ప్రభువే వచ్చెనని రాత్రికి తెలిసికొనును. ఇక 1905లో అమెరికా రచయిత ఓ హెన్రీ వ్రాసిన కథ చూడుడు. భర్త గడియారమునకు గొలుసు కొనుటకై భార్య తన జుట్టును అమ్ముకొనును. ఆమె జుట్టుకు దువ్వెనలు కొనుటకై భర్త తన గడియారమును అమ్ముకొనును. కుచేలుని అటుకుల కథ విని పెరిగినవారికి దీనిని వివరింపనక్కరలేదు. ఇచ్చిన వస్తువుకంటె ఇచ్చిన మనస్సు గొప్పదని మనకు చిన్ననాడే ఎవరో చెప్పియున్నారు.

ఈ కథలన్నియు సత్రపు వాకిటనుండియే బయలుదేరినవి. లోపల చోటు లేదు, బయట ఒకడు నిలిచియున్నాడు. లోపలివారు తలుపు తీయుదురా, తీయరా? కథలన్నిటిలోను ఉన్న ప్రశ్న యిదియే. ముగింపు తెలిసియు మరల వినుటకు కారణమును ఇదియే. ప్రతి సంవత్సరము మన తలుపువద్ద నిలుచువాడు వేరు గనుక, పాత కథయే క్రొత్త ప్రశ్నగా వినబడును.

“అన్యమతపు కథలు మన పిల్లలకేల?” అని కొందరు తలిదండ్రులు అడుగవచ్చును. వినినంతమాత్రమున ఎవరి మతమును మారదు. శిశువు పుట్టెనని విని భయపడిన కంసుని ఎరిగిన బాలుడు హేరోదును వెంటనే గుర్తుపట్టును. అర్ధరాత్రి యమున దాటిన వసుదేవుని కథ తెలిసినవాడు ఐగుప్తునకు పయనమైన యోసేపు కష్టమును గ్రహించును. క్రైస్తవ బాలుడు కృష్ణజననమును విని సంతోషించినట్లే, హిందూ బాలుడును మహమ్మదీయ బాలుడును బెత్లెహేము కథను విని సంతోషింపవచ్చును. ఒకే బల్లపై కూర్చుండి చదువుకొనువారు ఒకరి యింటి కథ ఒకరెరుగకుండుటయే విచారింపదగినది.

తెలుగులో ఈ కథ పెరిగిన విధమును మనము ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. అగస్టస్ డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ మొదలగువారు విశాఖపట్టణమున సిద్ధపరచిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో అచ్చయినది బెంగాలులోని శ్రీరాంపూరులో. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరిగారు 1833లో కటకమున బాప్తిస్మము పొంది, తెలుగున భక్తికీర్తనలు రచించిరి. మన రాగతాళములలో కూర్చిన ఆ కీర్తనలు నేటికిని తెలుగు క్రైస్తవ దేవాలయములలో వినబడుచున్నవి. ఆ పర్లాకిమిడి 1936లో ఒరిస్సా రాష్ట్రమున చేరినది. పాలనా సరిహద్దు మారినను పాట ఆగలేదు, భాష ఆగలేదు. తెలుగువాఙ్మయము తెలుగునాటనే పెరుగవలెనన్న నియమము ఎన్నడును లేదు. సరిహద్దు కివతల నున్న మనకును అందు పాలు కలదు.

కాని ఆ పాలు మనయంతట మనము నిలుపుకొన్ననే నిలుచును. మన పిల్లలు బజారున ఒడియాలో మాటలాడుదురు. అది యుచితమే, మనకు అన్నము పెట్టిన నేల భాష అది. చేతిఫోనులో హిందీ, ఇంగ్లీషు బొమ్మల కథలు చూతురు. ఇక తెలుగు పాఠ్యపుస్తకమునకును పరీక్షకును మాత్రమే మిగులుచున్నది. మార్కులకొరకు నేర్చిన భాషను పరీక్ష ముగిసిన మరునాడే మరువవచ్చును. అవ్వ ఒడిలో విన్న భాష అట్లు పోదు. “బొమ్మలలో చూచిన కథనే మరల మేమేల చెప్పవలెను?” అందురేమో. బొమ్మ ఎవరికొరకును ఆగదు. “సత్రములో చోటెందుకు లేదు, తాతా?” అని మనుమడు అడిగినప్పుడు ఆగి, ఆలోచించి, తనకు తోచిన సమాధానము చెప్పువాడు తాత యొక్కడే. ఆ ప్రశ్నకును సమాధానమునకును నడుమ భాష బ్రతుకుచున్నది.

కావున తలిదండ్రులకు నా మనవి యిది. ఈ డిసెంబరులో రాత్రి భోజనమైన పిదప పావుగంట సేపు ఫోనులు ప్రక్కన పెట్టి, ఒక్క కథయైనను తెలుగులో చెప్పుడు. చెప్పుటకు పాండిత్యము అవసరము లేదు. కాపరులకును అది లేదు. నడుమ ఒడియా మాట దొర్లినను బిడియపడవలదు.

విద్యార్థులారా! మీ తరగతిలోని క్రైస్తవ మిత్రుని యింటికి పండుగనాడు మిఠాయికొరకు పోవుదురు గదా. ఈసారి వారి అవ్వగారిని ఒక కథ అడుగుడు. ఆమె చెప్పిన మాటలలోనే దానిని వ్రాసి మన పత్రికకు ఇండు. ఆమె కలిపిన ఎద్దునో, మేకనో, మన యూరి సత్రమునో తీసివేయకుడు. బదులుగా మీ యింటి కథ నొకటి ఆమెకు చెప్పి రండు. డబ్బు ఒకరికిచ్చిన మన చేతిలో తరుగును. కథ ఇచ్చినవారియొద్దను ఉండును, పుచ్చుకొన్నవారియొద్దను ఉండును. మాతృభాషయు అట్టిదే. దాచుకొన్నచో తరిగిపోవును. నలుగురితో పంచుకొన్నచో ఏ రాష్ట్రమున నున్నను మనతోనే యుండును.