కొనడం బంద్ అయితేనే కనపడ్డ ప్రతిభ

"మెరిట్ ఉన్నవాణ్ణి ఎవడాపుతాడు?" ఈ ప్రశ్న మన చెవిన పడని రోజు ఉండదు. ఆఫీసులో అడుగుతారు, స్టాఫ్ రూంలో అడుగుతారు, బస్సులో పక్కసీటు పెద్దమనిషి పేపరు మడిచి మరీ అడుగుతాడు. మనం జవాబు చెప్పబోతే ఆటల్ని సాక్ష్యానికి పిలుస్తారు. "ఆటలో రిజర్వేషన్లున్నాయా? కాళ్లలో సత్తా ఉన్నవాడు ఆడతాడు, లేనివాడు ఇంటికి పోతాడు. బంతికి కులం తెలుసా, రంగు తెలుసా?" అంటారు.

బంతికి తెలియదు, నిజమే. బంతి దాకా ఎవర్ని రానివ్వాలో తేల్చేవాళ్లకు మాత్రం అన్నీ తెలుసు. వాళ్లు పిలిచిన సాక్షినే మేమూ పిలుస్తున్నాం. ఇంగ్లండ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు, ఆ క్లబ్బు కుర్రాళ్ల జట్టు, ఆ జట్టు ఆడిన ఒక సెమీఫైనల్. ఈ కథ పూర్తిగా విన్నాక మెరిట్ గురించి మాట్లాడుకుందాం.

ఇంగ్లండ్‌లో క్లబ్బుల కుర్రాళ్లకు ఎఫ్.ఏ. యూత్ కప్ అని ఒక పోటీ ఉంది. 1952-53లో మొదలైంది. 2015లో ఆ కప్పు సెమీఫైనల్లో లండన్ క్లబ్బులు రెండు తలపడ్డాయి: చెల్సీ, టోటెన్‌హాం. అప్పట్లో సెమీఫైనల్ అంటే రెండు ఆటలు. ఒకటి వీళ్ల మైదానంలో, ఒకటి వాళ్ల మైదానంలో. గోల్స్ అన్నీ కూడితే ఎవరివి ఎక్కువైతే వాళ్లు ఫైనల్‌కి పోతారు. మొదటి ఆటలో చెల్సీ పిల్లలు 0-2తో ఓడిపోయారు. పని అయిపోయిందనుకున్నారు చాలామంది. రెండో ఆటలో 5-2తో గెలిచారు. మొత్తం మీద 5-4. ఒక్క గోల్ తేడాతో ఫైనల్‌కి పోయి, మాంచెస్టర్ సిటీ కుర్రాళ్లను రెండు ఆటల్లోనూ ఓడించి కప్పు పట్టుకొచ్చారు.

అది ఒక ఏడాది ముచ్చట కాదు. 2014 నుంచి 2018 దాకా వరుసగా అయిదేళ్లు ఆ కప్పు చెల్సీ పిల్లలదే. అంతకు ముందు అట్లా అయిదుసార్లు గెలిచింది 1953-57 నాటి మాంచెస్టర్ యునైటెడ్ కుర్రాళ్లు మాత్రమే. 2015లో గెలిచిన పిల్లల్లో టామీ అబ్రహాం, ఫికాయో తొమోరి, డొమినిక్ సొలాంకీ ఉన్నారు. ముగ్గురివీ నైజీరియా మూలాలు. ఆ తర్వాతి ఏళ్లలో మేసన్ మౌంట్, రీస్ జేమ్స్ వచ్చారు. అందరూ ఆరేళ్లకో ఏడెనిమిదేళ్లకో ఆ క్లబ్బులో చేరి, అక్కడే తిని, అక్కడే ఆట నేర్చుకుని పెరిగినవాళ్లు. వాళ్లకు గడ్డి మైదానం ఉంది, బూట్లున్నాయి, వైద్యులున్నారు, శిక్షకులున్నారు. మెరిట్ ఆకాశం నుంచి ఊడిపడదు, పదేళ్లు పెంచితే పెరుగుతుంది అనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అయితే ఈ చెల్సీ ఏ చెల్సీ? 1982 ఏప్రిల్‌లో పాల్ కానోవిల్ అనే యువకుడు ఆ క్లబ్బు పెద్ద జట్టుకు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. ఆటలోకి దిగబోతుంటే అతన్ని బూతులు తిట్టింది ఎదుటి జట్టు వాళ్లు కాదు, సొంత క్లబ్బు అభిమానులే. 80ల్లో, 90ల్లో అదే క్లబ్బు యూత్ జట్టులో నల్లపిల్లల్ని నేర్పాల్సిన పెద్దలే రోజూ రంగు పేరు పెట్టి అవమానించారని, క్లబ్బు స్వయంగా బర్నార్డోస్ అనే పిల్లల సంక్షేమ సంస్థతో చేయించిన విచారణలో తేలింది. ఆ నివేదిక 2019 ఆగస్టులో బయటికొచ్చింది. క్లబ్బు క్షమాపణ చెప్పింది. అవమానంతో ఆట మీద మనసు విరిగిన పిల్లవాడు రికార్డుల్లో మాత్రం 'నిలదొక్కుకోలేనివాడు' గానే మిగిలిపోతాడు. మన హాస్టల్ పిల్లలు చదువు మానేస్తే 'డ్రాపవుట్' అని రాసుకున్నట్టే.

సరే, అవన్నీ పాత రోజులు అనుకుందాం. 2015 పిల్లలు కప్పు గెలిచారు కదా, సత్తా రుజువైంది కదా. పెద్ద జట్టులోకి పోయారా?

పోలేదు. 'లోన్' మీద పోయారు. లోన్ అంటే అప్పుకివ్వడం. మన గొడ్డును ఎవరి పొలంలోనో దున్నడానికి ఇచ్చినట్టు, పిల్లవాణ్ణి ఏడాదికో క్లబ్బుకి పంపుతారు. అబ్రహాం 2016-17లో బ్రిస్టల్ సిటీకి పోయి లీగ్‌లో 23 గోల్స్ కొట్టాడు. తర్వాత స్వాన్సీకి పోయాడు. 2018-19లో ఆస్టన్ విల్లాకు 25 లీగ్ గోల్స్ కొట్టి వాళ్లను పై డివిజన్‌కి చేర్చాడు. తొమోరి మూడు క్లబ్బులు తిరిగాడు. ఆ కాలంలోనే చెల్సీ గోల్స్ కొట్టేవాళ్ల కోసం ఊరూరా వెదికింది. 2016లో బాట్షువాయిని కొంది, 2017లో మొరాటాని కొంది, 2018లో జిరూని కొంది, 2019 జనవరిలో ఇగ్వాయిన్‌ను ఎరువు తెచ్చుకుంది. ఇంట్లో బిడ్డ పక్కూరికి కూలికి పోతుంటే, ఈ ఇంటి పనికి కోట్లు పోసి బయటివాళ్లను తెచ్చుకున్నారన్నమాట! క్రిస్టెన్సన్, లాఫ్టస్-చీక్ లాంటి ఒకరిద్దరికి కొంత చోటు దొరికింది. కానీ 1998లో పెద్ద జట్టుకు ఆడటం మొదలెట్టిన జాన్ టెర్రీలా ఆ పిల్లల బడి నుంచి వచ్చి ఏళ్ల తరబడి పాతుకుపోయినవాడు ఆ ఇరవై ఏళ్లలో ఇంకొకడు లేడు.

ఎవరో మంచి మనసుతో ఆ తలుపు తీశారా? లేదు. చట్టం తీయించింది.

2019 ఫిబ్రవరిలో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా చెల్సీకి శిక్ష వేసింది. విదేశీ మైనర్లను నిబంధనలు మీరి చేర్చుకున్నారని, 29 మంది విషయంలో తప్పు జరిగిందని తేల్చింది. వరుసగా రెండు ట్రాన్స్‌ఫర్ విండోల్లో కొత్త ఆటగాళ్లను తీసుకోకూడదంది. అదే వేసవిలో జట్టుకు ప్రాణం లాంటి ఎడెన్ అజార్ రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు. కొనడానికి డబ్బుంది, అనుమతి లేదు. అప్పుడు, అప్పుడు మాత్రమే, ఇంట్లో బిడ్డలు కళ్లకు కనపడ్డారు.

కొత్త మేనేజర్ ఫ్రాంక్ లాంపార్డ్ వాళ్లను దించాడు. 2019 సెప్టెంబర్ 14న వుల్వర్‌హాంప్టన్ మీద చెల్సీ 5-2తో గెలిచింది. ఆ అయిదు గోల్సూ ఎవరివి? అబ్రహాంవి మూడు, తొమోరిది ఒకటి, మౌంట్‌ది ఒకటి. కొన్నవాడు కొట్టిన గోల్ ఒక్కటీ లేదు. ఆ సీజన్లో అబ్రహాం 15 లీగ్ గోల్స్ కొట్టాడు. మౌంట్ 38 లీగ్ ఆటల్లో 37 ఆడాడు. జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 2021 మే 29న యూరప్‌లోకెల్లా పెద్ద కప్పు ఫైనల్లో చెల్సీ 1-0తో గెలిచినప్పుడు, ఆ గోల్‌కు బంతి అందించింది మౌంట్. కుడిపక్క కాపు కాసింది రీస్ జేమ్స్. యూత్ కప్పు గెలిచిన ఆ పిల్లలే!

ఇప్పుడు మేం అడుగుతున్నాం. 2019 వేసవిలో ఈ పిల్లల కాళ్లలోకి రాత్రికి రాత్రి మెరిట్ దూరిందా? 2015 సెమీఫైనల్ నాడే ఉంది. లేనిది చోటు. ఆ చోటు ప్రతిభ చూసి ఇచ్చింది కాదు, వేరే దారి మూసేస్తే గతిలేక ఇచ్చింది.

"లోన్‌లో రాటుదేలారు కాబట్టే రాణించారు, ఎప్పటికైనా వచ్చేవాళ్లే" అని కొందరంటారు. రాటుదేలితే చోటిస్తారనేది నిజమైతే, బ్రిస్టల్‌లో 23 గోల్స్ కొట్టినప్పుడే ఇవ్వాలి కదా? "మౌంట్ తెల్లవాడేగా, ఇందులో రంగేముంది?" అని ఇంకొందరంటారు. అవును, తెల్లవాడే. తలుపు మూసి ఉంటే దాని బయట అందరూ నిలబడతారు. కాకపోతే మొదట నిలబడేదీ, ఎక్కువసేపు నిలబడేదీ ఎవరో చరిత్ర చెబుతూనే ఉంది.

నిషేధం తొలగాక ఏం జరిగిందో అదీ చూడండి. 2020 వేసవిలో చెల్సీ కొత్తవాళ్ల కోసం 20 కోట్ల పౌండ్లకు పైగా గుమ్మరించింది. 2021లో అబ్రహాంని రోమాకు అమ్మింది, తొమోరిని మిలాన్‌కు అమ్మింది. మరుసటి ఏడే తొమోరి ఇటలీ లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 2023లో మౌంట్‌ను కూడా అమ్మేశారు. కారణం? సొంతంగా పెంచినవాడికి కొన్న ధర ఉండదు కాబట్టి, అమ్మితే వచ్చిందంతా పద్దుల్లో లాభమే. పెంచిన చెయ్యే బేరం పెట్టేలా లెక్కలున్నాయి. బలవంతం పోగానే బుద్ధి మళ్లీ పాత దారినే పట్టింది.

మన దేశంలో ఆటకు కులం లేదనేవాళ్లకు పల్వంకర్ బాలూ పేరు గుర్తు చేద్దాం. చర్మకారుల ఇంట పుట్టిన ఆ బౌలర్ 1911లో ఇంగ్లండ్ వెళ్లి 114 వికెట్లు తీశాడు. పూనాలో అతని బంతి కావాలి, అతనికి టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో. హిందూ జట్టుకు కెప్టెన్ కానివ్వలేదు. పోరాడగా పోరాడగా 1923లో అతని తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు.

మేం బడిపంతుళ్లం. ఏటా జట్లు ఎంపికవుతుంటే చూస్తూనే ఉన్నాం. వాడ పిల్లవాడు పరుగులో ముందుంటాడు, పేర్ల చీటీలో వెనకుంటాడు. కాబట్టి ఇకమీదట ఎవరైనా "మెరిట్ ఉంటే ఎవడాపుతాడు?" అంటే తలవంచుకోకండి, కోపగించుకోకండి. 2015లో 5-4తో గెలిచిన ఆ పిల్లల కథ చెప్పండి. చెప్పి ఒక్కటే అడగండి: "మెరిట్ ఉన్నవాళ్లను నాలుగేళ్లు ఎవరాపారు? ఏ రూలు వస్తే చోటు దొరికింది?" రోస్టర్ ఎందుకు, ప్రైవేటు కొలువుల్లో రిజర్వేషన్ ఎందుకు అనే ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. దయతో తెరిచిన తలుపు గాలికి మూసుకుంటుంది. చట్టంతో తెరిచిన తలుపుకి కూడా కాపలా ఉండాల్సింది మనమే.