చేతులు పిండిలో, ఫోను ఫ్రిజ్ మీద

ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో రింగ్‌టోన్ పెట్టుకోవడం కాలేజీ పిల్లల సరదా అనుకుంటారు చాలామంది. మా ఇంట్లోనూ అదే మాట. నేను మాత్రం అది అందరికంటే ఎక్కువగా వంటింట్లో ఉండే మనిషికే కావాలంటాను.

ఫోను చేతిలోనో, బల్ల మీద కళ్లెదుటో ఉండేవాళ్లకి అది సైలెంట్‌లో ఉన్నా ఫర్వాలేదు. తెర వెలుగుతుంది, పేరు కనిపిస్తుంది. మన ఫోను ఫ్రిజ్ మీదో, పడగ్గదిలో ఛార్జింగ్‌లోనో ఉంటుంది. మనమేమో చపాతీ పిండిలోనో, అంట్ల సబ్బులోనో ఉంటాం. అది ‘టింగ్’మన్నప్పుడల్లా చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వెళ్లి చూస్తే ఏముంటుంది? మీకు 5 లక్షల లోను సిద్ధం, లేదా చీరల మీద సగం ధర. వెనక్కి వచ్చేసరికి పోపు మాడి ఉంటుంది. ఇలా పదిసార్లు అయ్యాక పదకొండోసారి ఎవరూ లేవరు. ఆ పదకొండోది పిల్లాడి స్కూలు నుంచి వచ్చిందనుకోండి? అన్నిటికీ ఒకటే చప్పుడు పెడితే జరిగేది ఇదే. చెవి మెల్లగా వినడం మానేస్తుంది.

ఒకప్పుడు వీధిలో ఇంత అయోమయం లేదు. పాలతను సైకిలు బెల్లు కొడతాడు, గ్యాస్ అబ్బాయి సిలిండర్ మీద ఇనుప ముక్కతో మోగిస్తాడు, పీచుమిఠాయి వాడిది గంట, బుడబుక్కల వాడిది డమరుకం, సంక్రాంతి నెలలో హరిదాసువి చిడతలు. తల ఎత్తకుండానే ఎవరొచ్చారో, గిన్నె పట్టుకెళ్లాలో చేట పట్టుకెళ్లాలో తెలిసిపోయేది. బి.ఏ.లో ధ్వని అంటే నోటితో చెప్పకుండానే స్ఫురించే అర్థమని చదువుకున్నాం. ఆనందవర్ధనుడు కావ్యం గురించి చెప్పిన మాటే గానీ, పాలవాడి బెల్లుకీ సరిపోతుంది. (నోకియా రోజుల్లో ఆ సుఖం మొదటిసారి పోయింది. స్పెయిన్ గిటారు విద్వాంసుడు తారెగా 1902లో కట్టిన వాల్ట్జ్‌లోంచి తీసిన ఆ ముక్క బస్సులో ఒకరికి మోగితే పదిమంది సంచులు తడుముకునేవాళ్లు.)

"అందరికీ కలిపి ఒకటి చాలదా?" అన్నారు మావారు. "మీ ఆఫీసులో అందరినీ ఒకే పేరుతో పిలుస్తారా?" అన్నాను. దానికి జవాబు రాలేదు.

మా అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఇప్పుడు కాల్‌కి డబ్బు పడదని ఎన్నిసార్లు చెప్పినా, రెండు మోతలు కాగానే పెట్టేసే అలవాటు పోలేదు. ఆ రెండు మోతల్లోనే అది అమ్మ అని నాకు తెలియాలి. అందుకే మొదటి పేరు ఆవిడదే. కాంటాక్ట్స్‌లో పేరు తెరిచి పైనున్న మూడు చుక్కలు నొక్కితే రింగ్‌టోన్ మార్చే చోటు వస్తుంది. కొన్ని ఫోన్లలో ‘ఎడిట్’లోకి వెళ్లాలి. నంబరు సిమ్ కార్డులో దాచి ఉంటే చాలా ఫోన్లలో ఈ వీలు కనిపించదు, ముందు దాన్ని ఫోన్లోకి మార్చుకోండి. ఇంకొకటి, ఇక్కడ పెట్టిన టోన్ వాట్సాప్ కాల్‌కి మోగదు. హాస్టల్లో ఉన్న పిల్లలు, అమెరికాలో ఉన్నవాళ్లు చేసేది వాట్సాప్‌లోనే కదా. వాళ్ల చాట్ తెరిచి, పేరు నొక్కి, నోటిఫికేషన్లలో మళ్లీ విడిగా పెట్టాలి.

పాట పెట్టేవాళ్లకి ఒక మాట. నెమ్మదిగా వేణువుతో మొదలై అర నిమిషానికి గానీ పల్లవి అందుకోని పాట మిక్సీ చప్పుడులో వినిపించనే వినిపించదు. మొదటి క్షణంలోనే ఖంగున మోగేది కావాలి. అలాగని ప్రాణమైన పాటని అలారంగా పెట్టకండి, నెల తిరిగేసరికి దాని మీద కోపం వస్తుంది.

టోన్లు పెట్టడం సగం పనే. మిగతా సగం నోళ్లు మూయించడం. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక్కో యాప్‌లో ఒక్కో రకం కబురుని విడిగా ఆపే వీలుంది. పైనుంచి దిగిన నోటిఫికేషన్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే ‘సైలెంట్’ అని కనిపిస్తుంది. బజారు యాప్‌లో ఆఫర్ల నోరు మూసి, సరుకు తెచ్చే అబ్బాయి కబురు మాత్రం ఉంచుకోవచ్చు. గుడ్ మార్నింగ్ పువ్వుల గ్రూపులకి ‘ఆల్వేస్ మ్యూట్’. బంధువులు నొచ్చుకుంటారేమోనని వెనకాడక్కర్లేదు, మ్యూట్ చేసిన సంగతి వాళ్లకి తెలియదు.

రాత్రుళ్లు మాత్రం నేను ‘డు నాట్ డిస్టర్బ్’ పెడతాను. అప్పుడు అమ్మ ఫోను రాదేమోనని భయపడేవాళ్లు చాలామంది. నక్షత్రం గుర్తు పెట్టిన పేర్లకి అందులో మినహాయింపు ఇవ్వొచ్చు. ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లో రెండోసారి వస్తే మోగనిచ్చే ఏర్పాటూ ఉంది. రెండూ పెట్టుకుంటేనే నాకు నిద్ర పడుతుంది.

ఈసారి పుట్టింటికి వెళ్లినప్పుడు అమ్మ ఫోను కూడా ఒకసారి చేతిలోకి తీసుకోండి. వయసు మీద పడ్డాక సాధారణంగా ముందు తగ్గేది సన్నటి, కీచుమనే శబ్దాల వినికిడి. మనకి గట్టిగా వినిపించే పిట్ట కూత టోన్ ఆవిడకి అసలు అందకపోవచ్చు. గుడిగంట లాంటి బరువైన మోత మీ పేరుకి పెట్టండి. ఆవిణ్ణి పెరట్లో నిలబెట్టి, మీరు వీధి చివరికి వెళ్లి ఒకసారి కాల్ చేసి చూడండి.